బూడిదవలసలో అలక తరగతి

రోజు 1

ఎప్పుడూ అలగని పిల్ల మంచి పిల్లా, భయపడిన పిల్లా?

ఈ ప్రశ్న ఇరవై ఏళ్లుగా నాతోనే ఉంది. మూడో సొరంగం చీలి గాలి పోయిన ఏడాది నేను యూనివర్సిటీలో మనస్తత్వశాస్త్రం చదువు ముగించుకుని చంద్రుడి మీదున్న ఈ బూడిదవలసకు కొత్తగా వచ్చాను. వచ్చిన ఎనిమిదో నెలలో నా చేతికి ఇరవై ఆరు ఫారాలు ఇచ్చారు. శిశు గది తలుపు గట్టిది కాబట్టి లోపలి పిల్లలు బతికారు. వాళ్ల అమ్మానాన్నలు బతకలేదు. ఏ బిడ్డను ఏ ఇంటికి ఇవ్వాలో రాయడం నా పని. 'స్వభావం' అన్న గడిలో నేను పదే పదే ఒకే మాట రాశాను: సర్దుకుపోయే బిడ్డ, మారాం చేయదు. పెంచుకునేవాళ్లు ఆ మాట చూసి సంతోషించేవారు. నేనూ సంతోషించాను.

ఆ పిల్లలకు ఇప్పుడు ఇరవై ఒకటి నుంచి ఇరవై నాలుగేళ్లు. పద్నాలుగు మంది జోడీ వెతుక్కున్నారు. బూడిదవలసలో ఇద్దరు కలిసి బతకాలనుకుంటే తొంభై రోజులు ఒకే గదిలో ఉండి చూసుకుని, ఆ తర్వాత రిజిస్టరులో సంతకం పెట్టాలి. ఆ పద్నాలుగు మందిలో పదకొండు మంది తొంభై రోజులు నిండకముందే బయటికి వచ్చేశారు. పోట్లాడి వచ్చినా నాకు ఇంత దిగులుండేది కాదు. దుప్పటి మడత పెట్టి, గ్లాసు కడిగి బోర్లించి, "ఇన్నాళ్లు చూసుకున్నందుకు థాంక్స్" అని చీటీ రాసిపెట్టి వచ్చారు. పదకొండు చీటీలూ నా దగ్గరున్నాయి. చేతిరాత వేరు కాకపోతే ఒక్కరే రాశారనుకోవచ్చు.

కమిటీ నన్ను పిలిచి ఏదైనా చేయమంది. చేస్తానన్నాను. వంటశాల నడిపే నూకరత్నం పెంచుకున్న కూతురు మంజీర ఈరోజే తలుపుల మెకానిక్ శౌరితో గదిలోకి మారింది. వాళ్లకు తొంభై రోజులు. ఈ నోట్సు కూడా అన్ని రోజులే రాస్తాను.

రోజు 6

నాకు ఆలోచన తట్టింది పోయిన నెల, శౌరి వాళ్ల అన్న పెళ్లిలో. పెళ్లికొడుకు అలక పాన్పు మీద మూతి బిగించుకుని కూర్చున్నాడు. బకెట్టు నిండా నీళ్లతో రెండు స్నానాలు కావాలట. మామగారు ఒక స్నానానికి ఒప్పుకున్నాడు. ఇతను గోడవైపు తిరిగాడు. అందరూ పడీ పడీ నవ్వుతున్నారు. నా పక్క వరసలో కూర్చున్న దత్తత పిల్లలు మాత్రం నవ్వలేదు. మంజీర నా చెవి దగ్గరికి వంగి, "వాళ్లు ఇవ్వకపోతే ఏం చేస్తాడు పిన్నీ? వెళ్లిపోతాడా?" అని అడిగింది.

"వెళ్లిపోవడానికి కాదమ్మా అలిగేది" అన్నాను.

ఆమెకు అర్థం కాలేదు. నాకు అర్థమైంది. నేను మొహం తిప్పుకుని పక్కకు పోతే నా వెనక ఎవరో ఒకరు వస్తారన్న నమ్మకం ఉన్నవాళ్లే అలుగుతారు. ఆ నమ్మకం లేనివాళ్లకు రెండే దారులు, సర్దుకుపోవడం, లేదా వెళ్లిపోవడం. మా పదకొండు మంది మొదటిది చేతనైనంతకాలం చేసి, తర్వాత రెండోది చేశారు.

అయితే ఈ ఊళ్లో అలగడం అంత తేలిక కాదు. మా అందరి మణికట్టుకూ ఒక బిళ్ల ఉంటుంది. ఎవరైనా మన పేరు పిలిస్తే అందులో వినబడుతుంది. నిమిషంలోగా "ఉన్నాను" అనాలి. అనకపోతే సైరన్ మోగుతుంది, సొరంగాల తలుపులన్నీ మూసుకుంటాయి. పూర్వం బిళ్లలు నాడి చూసేవి. చీలిక రోజున అవి అబద్ధం చెప్పాయి, పోయినవాళ్లకు కూడా నాడి ఉన్నట్టు చూపించాయి. అప్పటినుంచి ఈ ఊరు మనిషి గొంతును తప్ప దేన్నీ నమ్మదు. కన్నవాళ్ల దగ్గర పెరిగినవాళ్లు ఈ నియమంలోనే ఒక సందు వెతుక్కున్నారు. కోపం వస్తే "ఉన్నా" అని పుల్ల విరిచినట్టు అంటారు. దత్తత పిల్లలు అలా అనగా నేను వినలేదు. పిలిచిన రెండో క్షణంలోనే పలుకుతారు, అదీ నవ్వుతూ.

అందుకని భద్రతాధికారి సన్యాసిరావు గారిని అడిగి పాత విత్తనాల గది తీసుకున్నాను. అందులో ఉన్నవాళ్ల బిళ్లకు అరగంట మినహాయింపు. ఆయన సంతకం పెడుతూ, "ఊళ్లో అందరూ మాట్లాడాలని మేం చస్తుంటే, మీరు మాట్లాడకపోవడం నేర్పుతారా హైమవతి గారూ?" అన్నారు.

మొదటి క్లాసుకు తొమ్మిది మంది వచ్చారు. ఒకరు గదిలోకి వెళ్లి అలగాలి. ఇంకొకరు వెళ్లి బతిమాలాలి. మొదటిసారి పిలవగానే రాకూడదు. నియమం ఇంతే. కౌస్తుభ్ అనే పొడుగాటి అబ్బాయి ముందుగా వెళ్లాడు. మూడో నిమిషంలో తనంతట తనే బయటికి వచ్చి, "సారీ పిన్నీ, మీ టైము వేస్ట్ అవుతోందేమో" అన్నాడు. తర్వాతి అమ్మాయి, బతిమాలడానికి వచ్చినవాళ్లకు థాంక్స్ చెప్పింది. మంజీర ఇరవై నిమిషాలు లోపలే ఉంది. నేను ఆశపడ్డాను. తలుపు తీసి చూస్తే గది అద్దంలా ఉంది.

"ఊరికే కూర్చోవడం ఎందుకని తుడిచేశాను" అంది.

"ఏం కోపమే అది, గది శుభ్రం చేసే కోపం?" అన్నాను. అప్పుడు మాత్రం అందరూ నవ్వారు. ఆ నవ్వుతో ఈ పని అవుతుందని నాకు నమ్మకం కుదిరింది.

రోజు 17

కష్టాలు వేరే కూడా ఉన్నాయి. చంద్రుడి మీద విసురుగా నడిచి వెళ్లలేం. కాలు గట్టిగా వేస్తే మనిషి పైకి లేచి నెత్తి కప్పుకు కొట్టుకుంటుంది. తలుపు దడాలున వేయలేం, అది తన తీరిక మీద నిట్టూర్చుకుంటూ మూసుకుంటుంది. కాబట్టి కోపాన్ని మెడతోనూ భుజంతోనూ చూపించడం నేర్పుతున్నాను. వారం పాటు ఇంట్లోవాళ్లకు థాంక్స్ చెప్పకూడదని, రోజుకు ఒక్కసారైనా దేనికో దానికి "నాకు వద్దు" అనాలని చెప్పి పంపాను.

ఫలితంగా ఈరోజు నూకరత్నం నన్ను వంటశాలకు పిలిపించింది. గోంగూర కోస్తూ, నా వైపు చూడకుండానే మొదలుపెట్టింది.

"ఏటమ్మా హైమమ్మా, నా గుంటకి ఏటి నేర్పుతున్నావు? నిన్న కూర వేస్తే 'నాకొద్దు' అంది. నా గుండె ఆగిపోనాది. జొరమొచ్చిందేమో అని నుదురు ముట్టుకుని సూసినాను."

"జ్వరం లేదు కదా అక్కా?"

"లేదు. వంకాయ దానికి ఇష్టం లేదంట! ఇరవై ఏళ్ల నుంచి తింటంది. 'బాగుందమ్మా, బాగుందమ్మా' అని తింటంది." కత్తిపీట ఆపింది. "ఇన్నేళ్లూ అబద్ధమేనేటి?"

"అబద్ధం కాదక్కా. మీకు నచ్చాలని."

"నాకు నచ్చడానికి అది వంకాయ తినాలేటి? పేగు తెంచుకుని పుట్టకపోయినా నా పిల్లే కదా!"

"ఆ మాట దానికి తెలియాలనే ఈ క్లాసు" అన్నాను. నూకరత్నం ఒక గోంగూర కాడ తీసి నా చేతిలో పెట్టింది. ఆకులు తుంచమని. అంటే క్లాసుకు ఒప్పుకున్నట్టే.

నూకరత్నం తొలి బిడ్డ చీలికలో పోయాడు. రెండేళ్లవాడు. ఆ రోజు ఒంట్లో బాగాలేదని శిశు గదికి పంపలేదు. ఈమె మూసుకున్న తలుపుకు ఇవతల ఉండిపోయింది. ఆ సంగతి నా ఫారంలో ఉంది. ఎప్పుడూ మేం దాని గురించి మాట్లాడుకోలేదు.

రోజు 23

శౌరి వచ్చాడు. చేతులకు తలుపుల గ్రీజు అలాగే ఉంది.

"హైమ మేడమ్, మంచం కింద ఒక మూట ఉంది. రెండు జతల బట్టలు, గ్లాసు, బ్రష్షు, దత్తత కాగితం నకలు. రోజూ దుమ్ము దులిపి మళ్లీ అక్కడే పెడుతుంది. నేనేం చేశానని?"

"నువ్వేమీ చేయలేదు. నువ్వు పరిచయం కాకముందు నుంచే ఆ మూట ఉండి ఉంటుంది."

"మరి నన్నెందుకు ఏమీ అనదు? నేను మూడు రోజులు స్నానం చేయకపోయినా ఏమీ అనదు. మా అమ్మయితే చీపురు పట్టుకుని తరిమేది. నేను అలిగితే ఇంకా ఘోరం. ఇంట్లో చిన్నవాణ్ని కదా, నాకు అలవాటు. నేను పొడిగా 'ఉన్నా' అంటే చాలు, తను వెళ్లి మూట ముందుకు లాక్కుంటుంది."

"అలక గది పని చేయడం లేదా?"

"చేస్తోంది. అదే భయం. మొన్న 'గురువారం నాలుగింటికి అలుగుతాను, నీకు డ్యూటీ లేదు కదా' అని అడిగింది. లేదన్నాను. అలిగింది. బతిమాలాను. 'బాగా బతిమాలావు' అని మెచ్చుకుంది కూడా." అతను నవ్వలేదు. "అందులో కోపం ఎక్కడుంది మేడమ్?"

నేను నేర్పిందే ఆమె చేసింది. నేను పాఠం చెప్పాను కాబట్టి దాన్ని పాఠంలాగే నేర్చుకుంది, మంచి మార్కులు వచ్చేలా. ఆ మార్కులు వేస్తున్నదీ నేనే. ఇరవై ఏళ్ల కిందట ఫారం నింపిన చెయ్యే కదా ఇదీ అనిపించింది. అయినా మానను. పాఠం తప్పు కాదు, గది తప్పు.

రోజు 38

తలుపుల అంచున ఉండే రబ్బరును వారానికోసారి తడిగుడ్డతో తుడవాలి. బూడిద పట్టిందంటే రబ్బరు కొరుక్కుపోతుంది. ఈరోజు నా వంతు, మంజీర వంతు కలిసి వచ్చాయి. ఇద్దరం చెరో పక్కన నిలబడి తుడుస్తున్నాం.

"పిన్నీ, ఒకటి అడగనా? నాకు నిజంగా కోపం వస్తుంది. రాదని కాదు. వచ్చినప్పుడు ముందు నాకు కనబడేది మా గది ఖాళీగా ఉండటం. నేను లేనట్టు. అతను వేరే ఎవరితోనో ఉన్నట్టు. అది చూడకముందే బయటపడాలనిపిస్తుంది."

"ఒక్కసారి ఆ ఖాళీ గది దాకా పోకుండా మధ్యలో ఆగి చూడు."

"ఎక్కడ ఆగాలి? విత్తనాల గదిలోనా?"

అప్పుడు అన్నాను. మాటకు మాట ఇక్కడ రాసి పెడుతున్నాను: "గదిలో వద్దు. నిజంగా కోపం వచ్చినప్పుడు, వచ్చిన చోటే అలుగు. పిలిచినా పలకకు. ఎవరో ఒకరు వస్తారు."

"వస్తారా?"

"వస్తారు. నా మాట నమ్ము."

ఆమె నా వైపు చూసి తలూపింది. ఆ మాట చెప్పినందుకు ఈరోజంతా నాకు హాయిగా ఉంది.

రోజు 52

పిలిచినా పలకకు అన్నాను. బిళ్లకు మాత్రం పలుకు అని చెప్పలేదు. చెప్పాలని కూడా తోచలేదు. ఈ ఊళ్లో పుట్టిన ఏ బిడ్డకూ ఆ మాట చెప్పనక్కర్లేదు, మాటలు రాకముందే వాళ్లకు అది వచ్చు. నేను ఇక్కడ పుట్టలేదు.

మధ్యాహ్నం భోజనాల దగ్గర శౌరి తన స్నేహితులతో కూర్చుని, అందరికీ వినబడేలా, "మా ఆవిడ ఎప్పుడూ ప్రయాణంలోనే ఉంటుందిరా, మూట సిద్ధం" అన్నాడు. నవ్వించడానికే అన్నాడు. అందరూ నవ్వారు కూడా. మంజీర కంచం తీసుకెళ్లి కడిగి, బయటికి వెళ్లింది. పది నిమిషాల తర్వాత శౌరి బిళ్లలో పిలిచాడు. జవాబు లేదు. మళ్లీ పిలిచాడు. నిమిషం అయింది.

ఆ సైరన్ నేను ఇరవై ఏళ్ల తర్వాత విన్నాను. నేను వంటశాలలో నూకరత్నంతో ఉన్నాను. తలుపు మా కళ్లముందే మూసుకుంది. సైరన్ మోగితే బిళ్లల్లో మాటలు ఆగిపోతాయి, సహాయ దళం మాటలు తప్ప. కాబట్టి మంజీర పలకాలనుకున్నా ఇక కుదరదు. ఎవరు పలకలేదో మాత్రం బిళ్ల మీద అక్షరాల్లో కనబడుతుంది. నూకరత్నం కూతురి పేరు చదివింది.

పదకొండు నిమిషాలు. నూకరత్నం తలుపు మీద రెండు చేతులూ ఆనించి, "మంజీరా, మంజీరా" అని పిలిచింది. కొంతసేపటికి ఆ పిలుపులోకి ఇంకో పేరు వచ్చింది. "బుల్లోడా" అని. ఆమె ఏ పేరు పిలుస్తోందో ఆమెకే తెలియలేదు. నేను పట్టుకోబోతే నా చెయ్యి తోసేసింది.

మిగతాది సన్యాసిరావు గారు చెప్పారు. ఇంకా ఆయాసంగానే ఉన్నారు. "బట్టలు ఆరేసే గది తలుపు శౌరే తెరిచాడండీ, చేత్తో. గాలి ముసుగులేసుకుని ఆరుగురం నిలబడ్డాం. ఆ అమ్మాయి దుప్పట్ల వెనకాల కూర్చుని ఉంది, బిక్కచచ్చిపోయి. ఇతను నేల మీద కూలబడి 'నాదే తప్పు, ఆ మాట అక్కడ అనకూడదు, రా' అన్నాడు. ఏమందో తెలుసా? 'రాను' అంది! ఊరంతా ఊపిరి బిగబట్టుకుని ఉంటే, 'రాను, ఇంకోసారి అడుగు' అంది!"

"అతను అడిగాడా?"

"అడిగాడు. అప్పుడొచ్చింది." ఆయన నా మొహంలోకి చూశారు. "మీరు సంతోషిస్తున్నారేంటండీ?"

రోజు 55

కమిటీ సమావేశం. ప్రజలంతా వచ్చారు. క్లాసు మూసేయాలని, మంజీర, శౌరిల గడువు రద్దు చేసి ఎవరి ఇంటికి వాళ్లను పంపాలని ప్రతిపాదన. నేను ముందుగా లేచి, పలకవద్దని చెప్పింది నేనేనని, బిళ్ల సంగతి విడిగా చెప్పకపోవడం నా తప్పేనని ఒప్పుకున్నాను. క్లాసు మూసేయడం మాత్రం ఇంకా పెద్ద తప్పవుతుందని చెప్పి పదకొండు చీటీలూ చదివాను. ఏడో చీటీ దగ్గరికి వచ్చేసరికి హాలు నిశ్శబ్దమైంది. ఈ ఊళ్లో నిశ్శబ్దం అరుదు.

అధ్యక్షురాలు మంజీరను క్షమాపణ చెప్పమంది. నేను కళ్లు మూసుకున్నాను. ఆ అమ్మాయి పుట్టినప్పటినుంచీ క్షమాపణ చెబుతూనే ఉంది. ఇక్కడ చెబితే అన్నీ మొదటికి వస్తాయి.

"సైరన్ మోగించినందుకు క్షమించండి" అంది. "అమ్మా, నిన్ను ఏడిపించినందుకు మరీ మరీ. పలకకపోతే తలుపులు మూసుకుంటాయని నాకు తెలుసు. ఆ నిమిషంలో నాకు గుర్తులేదు. మొదటిసారి మూట గుర్తులేదు. అతను వస్తాడా రాడా అన్నది ఒక్కటే ఉంది." అధ్యక్షురాలి వైపు తిరిగింది. "అలిగినందుకు మాత్రం క్షమాపణ చెప్పను."

వెనక నుంచి ఎవరో, "మరి ఊరు గతేంటి?" అని అరిచారు. న్యాయమైన ప్రశ్నే.

జవాబు శౌరి దగ్గర దొరికింది. తలుపులు బాగుచేసేవాళ్లకు అవతలివాళ్ల మాట వినబడదట. పైపు మీద రెండు దెబ్బలు కొడతారట, నేను బాగానే ఉన్నాను అని. "మాటకన్నా మేం దాన్నే నమ్ముతాం. బిళ్ల మీద కూడా రెండుసార్లు తట్టనివ్వండి. ఉన్నాను, మాట్లాడను అని."

"యంత్రం ఒకసారి అబద్ధం చెప్పింది బాబూ" అంది అధ్యక్షురాలు.

"అబద్ధం చెప్పింది నాడి చూసే యంత్రమండీ. చెయ్యి కాదు."

గంట సేపు వాదించుకుని, బిళ్ల మీద తట్టడానికి ఒప్పుకున్నారు. ఒకసారి అలా తడితే అరపూట వరకు చెల్లుతుంది, ఆ తర్వాత నోరు విప్పాలి. క్లాసు ఉంటుంది. గడువు ఉంటుంది. బయటికి వచ్చాక నూకరత్నం దగ్గరికి వెళ్లి క్షమాపణ అడిగాను. "నీ మీద నాకేటి కోపం లేదమ్మా" అంది. నా వైపు చూడలేదు.

రోజు 71

బిళ్ల తట్టే అలవాటు ఊరిని పట్టుకుంది. దత్తత పిల్లల కోసం పెట్టినదాన్ని ముందుగా వాడుకున్నది ముసలి దంపతులు. సన్యాసిరావు గారు దారిలో ఆపి, "మా ఆవిడ మూడు రోజుల్నుంచి తడుతూనే ఉందండీ. అరపూటకొకసారి నోరు విప్పి 'అన్నం' అంటుంది, మళ్లీ తడుతుంది. ఇరవై ఎనిమిదేళ్ల కోపం ఒకేసారి తీర్చుకుంటోంది. మీరు చేసిందే ఇది" అన్నారు.

"వెళ్లి బతిమాలారా?"

"దేనికని బతిమాలాలి? కారణం చెప్పదే!"

"కారణం అడగడానికే వెళ్లండి" అన్నాను. గొణుక్కుంటూ వెళ్లారు.

కౌస్తుభ్ నీళ్ల ప్లాంటులో పని చేయనని పెంచిన నాన్నకు చెప్పాడు. ఆయన అలిగాడు. ఇతను వెళ్లి బతిమాలాడు, పని విషయంలో మాత్రం మాట మార్చలేదు. క్లాసులో ఈ సంగతి చెబుతున్నప్పుడు అతని మొహం చూడాలి. నాన్న తన మీద అలుగుతాడని అతనికి ఇన్నాళ్లూ తెలియదు.

మంజీర రెండుసార్లు తట్టింది. మొదటిసారి శౌరి పది నిమిషాల్లో వచ్చాడు. రెండోసారి డ్యూటీలో ఉండి రెండు గంటల తర్వాత వచ్చాడు.

"రెండు గంటలూ అక్కడే ఉన్నావా?" అని అడిగాను.

"ఉన్నాను పిన్నీ. మొదటి గంట వెళ్లిపోదామనుకున్నాను. రెండో గంటలో ఆకలేసింది. ఆకలికి కోపం ఇంకా పెరిగింది. అతను వచ్చేసరికి, ఇంత ఆలస్యమా అని బాగా తిట్టాను. తిట్టాక చూసుకుంటే, వెళ్లిపోదామనుకున్న సంగతే మర్చిపోయాను."

ఏ పుస్తకంలోనూ ఇంత మంచి ఫలితం నేను చదవలేదు.

రోజు 90

రిజిస్టరు ముందు శౌరి సంతకం పెట్టి కలం అందించాడు. మంజీర తీసుకోలేదు.

"నేను ఈరోజు పెట్టను."

శౌరి కలం అలాగే చాపి ఉంచాడు. నూకరత్నం నా చెయ్యి పట్టుకుంది.

"వెళ్లిపోవడం లేదు" అంది మంజీర. "ఆ గదిలోనే ఉంటాను. నన్ను ఒక్క మాట అడగకుండా వాళ్లమ్మని నెల రోజులు మా గదిలో ఉండటానికి రమ్మన్నాడు. అత్తమ్మ అంటే నాకు ఇష్టమే. కానీ అడగాలి కదా. అది తేలాక పెడతాను. ఇంకో ముప్ఫై రోజులు కావాలి."

"ఒక్క మాటకి ముప్ఫై రోజులా?" అన్నాడు శౌరి.

"నీకు అది ఒక్క మాట."

రిజిస్ట్రారు తల గోక్కున్నాడు. సంతకం పెట్టేవాళ్లకు ఒక కాగితం, విడిపోయేవాళ్లకు ఒక కాగితం ఉన్నాయట. పెట్టకుండా ఉండిపోయేవాళ్లకు కాగితం లేదట. "ఇలా ఎప్పుడూ ఎవరూ అడగలేదమ్మా" అన్నాడు.

"ఉంటానంటంది కదా బావూ, ఇంకేటి కావాల నీకు?" అంది నూకరత్నం. "కొత్త కాగితం రాసుకో."

రాసుకున్నాడు. బయటికి నడుస్తూ శౌరి, "అయితే ఈ పూట వంట ఎవరు?" అని అడిగాడు, కాస్త పొడిగా.

"నీ వంతు. వంకాయ వద్దు" అంది మంజీర.

వెళ్లిపోకుండా, సర్దుకుపోకుండా మధ్యలో నిలబడింది. ఇరవై ఏళ్ల కిందట ఫారంలో నేను రాసిన మాటను ఆమె ఈరోజు కొట్టేసింది. దీని మీద నాకు ఏ సందేహమూ లేదు. పెద్దయ్యాక కూడా ఇది నేర్పవచ్చు, నేర్చుకోవచ్చు. వచ్చే నెల మిగతా దత్తత పిల్లలందరికీ క్లాసు పెడుతున్నాను, ఈసారి విత్తనాల గది లేకుండా.

తేల్చుకోలేనిది ఒకటే. రిజిస్టరు దగ్గరి నుంచి వచ్చాక నూకరత్నం కూతురికి పెరుగు పంపాలని బిళ్ల నోటి దగ్గరికి తెచ్చుకుంది. పిలవలేదు. చెయ్యి అలాగే ఉంచి, కళ్లు మూసుకుని, లోపల ఏదో కూడదీసుకుని, అప్పుడు పిలిచింది. వెంటనే జవాబు వచ్చింది. ఆమె గోడకు ఆనుకుని కాసేపు నిలబడింది. ఆ పదకొండు నిమిషాల తర్వాత ప్రతిసారీ ఇలాగే పిలుస్తోందని, రోజుకు పదిసార్లని వంటశాలలో వాళ్లు చెప్పారు.

ఆ సైరన్ మోగకపోయి ఉంటే మంజీర మూట తీసుకుని వెళ్లిపోయేదే, నేను గట్టిగా నమ్ముతున్నాను. కూతురికి ఆ ధైర్యం ఇవ్వడానికి తల్లి దగ్గరి నుంచి భయం లేకుండా పిలిచే నిశ్చింతను తీసుకునే హక్కు నాకు ఉందా? మంజీరను చూసినప్పుడు ఉందనిపిస్తుంది. నూకరత్నాన్ని చూసినప్పుడు లేదనిపిస్తుంది. ఇద్దరూ ఒకే బల్ల దగ్గర కూర్చుని తింటున్నప్పుడు ఏమనిపించాలో నాకు తెలియడం లేదు.